ఉప్పునీటి తొట్టియు, నేనును

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన ప్రయాణ విశేషము వ్రాయుమని సంపాదక మిత్రులు నన్ను కోరిరి. 2023వ సంవత్సరపు వేసవి సెలవులలో నేను అమెరికా దేశమునకు పోయి వచ్చితినని వారెఱుగుదురు. మిన్నంటు మేడలను గూర్చియు, విశాలములగు రహదారులను గూర్చియు వ్రాయుదునని వారి యాశ కాబోలు. కాని ఆ ఆరు వారములలో నేను ఎక్కువ కాలము గడపినది మా తమ్ముని యింటి ముందుగదిలో, నాలుగడుగుల పొడవుగల యొక గాజుతొట్టి యెదుట. అచ్చట నేను చేసిన పొరపాట్లే నాకు చెప్పదగిన విశేషములు. వానిలో ఒకటి తప్ప తక్కినవన్నియు నవ్వుకొనదగినవి. ఆ యొక్కటి మాత్రము మన ప్రయోగశాలలో నా యెదుట తలవంచుకొని నిలిచిన పిల్లలకు చెప్పక తీరనిది. కావున సంపాదకులు మన్నింతురుగాక.

మా తమ్ముడు ఫ్లారిడా రాష్ట్రములోని టాంపా నగరమున చాల యేండ్లుగా కాపురమున్నాడు. వాని కుమారునకు అప్పటికి పదునాలుగేండ్లు. ఆ తొట్టి ఆ పిల్లవానిది. అందు పట్టు నీరు 75 గ్యాలనులు, అనగా మన లెక్కకు సుమారు 280 లీటర్లు. అది సముద్రము నుండి తెచ్చిన నీరు కాదు. కుళాయి నీటిని పలు వడపోతల గుండ పంపి, అందలి లవణముల నన్నిటిని తీసివేసి, పిమ్మట ప్రత్యేకముగా తయారైన యుప్పును తూచి కలుపుదురు. ఉన్న యుప్పును తీసి మరల ఉప్పు కలుపుట యేమి వింత యని నేను నవ్వితిని. కుళాయి నీటిలోని రాగి యొక్క జాడ చాలును, తొట్టిలోని వెన్నెముక లేని ప్రాణులు చచ్చుటకు, అని పిల్లవాడు నెమ్మదిగా చెప్పెను. నేను నవ్వు మానితిని.

తొట్టిలో చేపలు నాలుగే. తక్కినదంతయు పగడములు. మనము ఉంగరములలో ధరించు ఎఱ్ఱ పగడము మధ్యధరా సముద్రపు లోతులలో చీకటిలో పెరుగునది. ఇవి దానికి దూరపు చుట్టములు, వెలుతురును కోరునవి. కొన్ని పుట్టగొడుగుల వలె, కొన్ని చామంతి పూవుల వలె, కొన్ని దుప్పి కొమ్ముల వలె నుండెను. పగడము రాయి కాదు, మొక్క కాదు, జంతువు. చిన్న సంచి వంటి దేహము, దాని మూతి చుట్టును మీసముల వంటి స్పర్శకములు. దానికి పాలిపు అని పేరు. వేలకొలది పాలిపులు కలిసి సున్నపు కాపురము కట్టుకొనును. ఈ సంగతిని 1720 ప్రాంతములలో పేసొనెల్ అను ఫ్రెంచి వైద్యుడు చెప్పినప్పుడు పారిసులోని పండితులు నమ్మకపోవుటయే గాక, ఆయన పరువు పోవునేమో యని జాలిపడి, సభలో ఆయన పేరు చెప్పక దాచిరట! ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేను పగడపు బొమ్మ గీచి, భాగములు గుర్తించి, మంచి మార్కులు పొందియుంటిని. కాని ప్రాణముతో నున్న పగడమును నేను చూచుట అదే మొదలు.

ఆ పాలిపుల చర్మములో కంటికి కానరాని శైవలములు నివసించును. అవి వెలుతురుతో ఆహారము వండి, అందు పెద్ద పాలు ఇంటి యజమానికి అద్దెగా చెల్లించును. అందువలననే తొట్టిపై నీలివన్నె దీపములు రోజునకు తొమ్మిది గంటలు వెలుగుచుండెడివి. నీటి వేడిమి 25, 26 డిగ్రీల నడుమ నుండవలెను. ఉప్పుదనము వేయింట 35 పాళ్లు. అదియే సముద్రపు ఉప్పుదనము. ఈ 35 అను అంకెను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. నా కథ యంతయు దానిమీదనే నడచును.

తొట్టి నడుమ రాతిగుట్ట మీద, పచ్చని మేని రంగు, ఊదా కొసలుగల యొక గుబురుండెను. అది అక్రోపోరా జాతి కొమ్మపగడము. మూడేండ్ల క్రిందట పొరుగింటి వృద్ధుడొకడు బొటనవ్రేలంత ముక్కను పిల్లవాని చేతిలో పెట్టి పెంచుకొమ్మనెనట. అది ఈ మూడేండ్లలో రెండు దోసిళ్లంత పెరిగినది. ఇచ్చినయాయన మాత్రము గతించెను. ఆయన తొట్టి అమ్ముడుపోయినది. పగడములు పెంచువారి నడుమ ఒక మంచి వాడుక యున్నది. తమ గుబురు నుండి ముక్కలు కోసి స్నేహితులకు ఊరక పంచుదురు. ఎప్పుడైన తమ యింట అది చచ్చినచో, ముక్క పుచ్చుకొన్నవారు మరల ఒక ముక్క తెచ్చి యిత్తురు. మన పల్లెలలో విత్తనముల విషయమై ఇరుగుపొరుగులు చేసుకొను పద్ధతియే యిది. పిల్లవాడు ఆ పచ్చని గుబురు నుండి ఇంతవఱకు ఎవ్వరికిని ఇయ్యలేదు. ఈ వేసవిలో ముక్కలు కోసి ఎనిమిదిమందికి పంచవలెనని వాని సంకల్పము.

నేను పుట్టినది కడియమునకు దాపునగల పల్లెలో. పూలమొక్కల నర్సరీలకు పేరుపొందిన ఆ ప్రాంతమున అంటు కట్టుట, కొమ్మ నాటుట ఉగ్గుపాలతో వచ్చు విద్య. మా అమ్మ మునగకొమ్మ విఱిచి పెరటిగోడ ప్రక్కన పాతి, కొసన పేడముద్ద పెట్టెడిది. నెల తిరుగకుండ అది చిగిర్చెడిది. కావున పగడపు కొమ్మ కోసి నాటుట యనగానే, “ఇది యెంత పని! నేను చేసి చూపుదును” అంటిని. పిల్లవాడు నా ముఖము వంక చూచి, ఏమియు అనక, పనిముట్ల పెట్టె తెచ్చెను. అందు ఎముకలు కత్తిరించు పెద్ద కత్తెర, చిన్న కత్తులు, చేతితొడుగులు, కంటి అద్దములు, సూపర్ గ్లూ గొట్టములు, రూపాయి బిళ్లంత సున్నపు పీటలు ఉండెను.

మొదటి పాఠము జిగురుతో. కొమ్మ కొసను కత్తిరించి, మొదట జిగురు చుక్క పెట్టి, పీటకు అదిమి, నీటిలో ముంచవలెను. ఈ జిగురు తడి తగిలినంతనే బిగుసుకొనును. పగడమో తడి. నా చేయియో తడి. పీటయో తడి. ఫలితమేమన, మొదటి ముక్క పీటకంటక నా బొటనవ్రేలికంటెను, రెండవది చూపుడువ్రేలికి, పీట అరచేతికి. ఆ స్థితిలో గడప దాటి వచ్చిన మా మరదలు, “బావగారూ, మంచినీళ్లు కావాలా?” అని అడిగి, నా చేయి చూచి లోపలికి పోయి నవ్వినది నాకు వినబడెను. జిగురుచుక్కపై నీరు తగిలిన వెంటనే పల్చని పొర కట్టుననియు, ముక్కను కొంచెము త్రిప్పి ఆ పొరను పగులగొట్టి అదిమిన గాని పట్టదనియు నేర్చుకొనుటకు నాకు మూడు దినములు పట్టెను. మునగకొమ్మకు ఈ బాధ లేదు.

రెండవ పాఠము పుట్టగొడుగు పగడముతో. దానిని కత్తితో నడిమికి రెండుగా కోసిన రెండును బ్రదుకును; నాలుగుగా కోసిన నాలుగును బ్రదుకును. కాని దాని దేహమంతయు జారుడు జిగట. జిగురు దానికంటదు. నేను అంటించిన నాలుగు ముక్కలును ఆ రాత్రియే ఊడి, నీటి వడిలో పడి దేశాటనమునకు బయలుదేరెను. ఒకటి పంపు జల్లెడకు అంటుకొని చితికెను. ఒకటి గుట్ట వెనుక చీకటిలో స్థిరపడి, నేను తిరిగి వచ్చిన పిదప అచ్చట రెండైనదట. తక్కిన రెంటిని ఎవరును చూడలేదు. వానిని చిన్న గిన్నెలో రాళ్లపొడి మీద పెట్టి, పైన జాలిగుడ్డ కట్టి, పదిదినములు ఊరకుండిన యెడల అవియే రాతిని పట్టుకొనును. పని చేయుటకంటె ఊరకుండుటయే అందు కష్టము.

మూడవది పాఠము కాదు, హెచ్చరిక. గుట్ట క్రింద గుండీల వలె గుత్తులుగా నున్న పాలిథోవా అను జాతిని చూచి, దానిని నేను వట్టి చేతితో పెల్లగింపబోతిని. పిల్లవాడు కేక వేసెను. “పెదనాన్నా, అది ముట్టుకోకండి!” అంతకుముందు వాడు నాయెడ గొంతెత్తలేదు. ఆ జాతిలో కొన్నిటియందు పాలిటాక్సిన్ అను ఘోరవిషము గలదు. దానిని కోయునప్పుడు చిమ్ము రసము కంటబడినను, చేతి గాయమున సోకినను ప్రమాదము. తొట్టిరాళ్లను శుభ్రపఱచుటకై వేడినీట కాచి, ఆ యావిరి పీల్చి, ఇంటిల్లిపాదియు ఆసుపత్రి పాలైన సంఘటనలు పలుదేశములలో జరిగియున్నవి. అందమైనదెల్ల చేతపట్టదగినది కాదని నేను మీకు తరగతిలో చెప్పుచుందును గదా. చెప్పువాడే చేయి చాచెను.

ఇంకను కొన్ని. కోసిన ముక్కలను వరుసగా నిలిపిన తట్టను, నీటివడికి దిగువన, టార్చి అను పేరుగల యూఫిలియా పగడము ప్రక్కన పెట్టితిని. పగలు దాని స్పర్శకములు బెత్తెడు దూరమున నున్నవి. రాత్రి దీపములారిన తరువాత చేతిదీపముతో చూడగా, సన్నని పొడుగాటి దారములను నీటివాలున విడిచి, నా ముక్కలను ఒక్కొక్కదానిని కుట్టుచున్నది! తెల్లవారునప్పటికి రెండు ముక్కలు చర్మమూడి తెల్లబడెను. పగడములు కదలనివి గనుక నెమ్మదైనవని యెవరును తలపరాదు. చోటుకొఱకు వానికిని పోరాటమే. ఇక తొట్టిలో పాచి తినుటకు విడిచిన పెద్దనత్త యొకటి, దున్నపోతు వలె నడచుచు, మేము శ్రమపడి అంటించిన పీటలను రాత్రికి రెండు చొప్పున దొర్లించెడిది.

నేను విసిగినప్పుడెల్ల పిల్లవాడు డేవిడ్ వాన్ అను శాస్త్రజ్ఞుని కథ చెప్పి ఓదార్చెడివాడు. ఆయన ఫ్లారిడా దక్షిణపు దీవులలో మోట్ సముద్ర పరిశోధనాలయమున దుప్పికొమ్ము పగడములను పెంచుచుండెను. ఈ శతాబ్దపు తొలి దశకములో, ఒకనాడు తొట్టి నుండి ఒక పగడమును తీయునప్పుడు అది అడుగునకంటుకొని విఱిగి, రెండుమూడు పాలిపులు మాత్రము అడుగున మిగిలెను. చచ్చినవనుకొని విడిచిపెట్టెను. కొన్ని దినములకు చూడగా అవి గాయము మాన్పుకొని, ఎన్నడును చూడనంత వేగముగా పెరిగి వ్యాపించియుండెను. పగడమును చిన్న చిన్న తునుకలుగా కోసి దగ్గఱ దగ్గఱగా నాటినచో త్వరగా పెరిగి ఒకటితోనొకటి కలిసికొనునను పద్ధతి ఆ పొరపాటు నుండియే రూపొందినది. సముద్రములో చెడిన దిబ్బలను మరల నిలుపుటకు నేడు దానిని వాడుచున్నారు. ఆ కథ విన్నపుడెల్ల నా పొరపాట్లును అట్టివే యని నాకొక ధైర్యము కలిగెడిది.

మే నెల 28వ తేదీన పిల్లవాడు వేసవి శిబిరమునకు పది దినములు పోయెను. మా తమ్మునికిని మరదలికిని ఉద్యోగములు. తొట్టి నా వశమయ్యెను. పోవుటకు ముందు పిల్లవాడు పచ్చని గుబురు నుండి ప్రయత్నముగా ఒక కొస కత్తిరించి పీటకంటించి, తక్కినవి తిరిగి వచ్చిన పిదప కోయుదుననెను. అట్టబైండు పుస్తకమొకటి నా చేతికిచ్చెను. అందు మూడేండ్లుగా ప్రతిదినమును వేడిమి, ఉప్పుదనము, క్షారత, విశేషములు అను నాలుగు గళ్లలో వాడు వ్రాయుచు వచ్చినాడు. “రోజూ కొలిచి రాయండి, పెదనాన్నా. చాలు. ఇంకేమీ చేయకండి” అనెను.

తొట్టిలోని నీరు రోజునకు నాలుగు లీటర్లు ఆవిరియగును. ఉప్పు ఆవిరి కాదు. కావున తగ్గిన నీటికి బదులు ఉప్పులేని నీటినే పోయవలెను. తొట్టి క్రింది బీరువాలో ఒక బాల్చీ నుండి చిన్న యంత్రము తనంతట తానే ఆ నీటిని ఎక్కించుచుండును. బాల్చీ తగ్గినప్పుడు జాడీ నుండి నింపవలెను. జాడీలు రెండు. రెండును నీలివన్నెవి, ఇరువది లీటర్లవి. ఒకదానిలో మంచినీరు, రెండవదానిలో, నీరు మార్చు దినమునకై కలిపియుంచిన యుప్పునీరు. వానిపై అంటించిన కాగితములు తడిసి, మాసి, చూచుటకు అసహ్యముగా నుండెను. నా చేతివ్రాత మంచిదని మీ యందఱకు తెలియును. నాకును తెలియును. కాగితములను గోకివేసి, జాడీలను కడిగి తుడిచి, గుండ్రని తెలుగక్షరములతో “మంచినీరు” అనియు “ఉప్పునీరు” అనియు క్రొత్త చీటీలు వ్రాసి అంటించితిని. చీటీలు ఎండుటకు జాడీలను ఎండలో పెట్టినప్పుడో, తుడిచినప్పుడో, అవి తారుమారైనవి. మే 30న బాల్చీని అందమైన యక్షరములు గల జాడీ నుండి నింపితిని. అది ఉప్పునీరు.

29, 30 తేదీలలో కొలిచితిని, 35 వ్రాసితిని. 31న కొలతగాజులోని గీత 35నకు ఒక వెండ్రుకవాసి పైన కనబడెను. కన్ను చెదరినదనుకొని 35 వ్రాసితిని. జూను 1న కొలతగాజును పెట్టెలో నుండి తీయనే లేదు. నిన్న 35, మొన్న 35, నేడు మాత్రము మఱేమి యగును? 35 వ్రాసితిని. 2వ తేదీ, 3వ తేదీ, 4వ తేదీ, ప్రాతఃకాల కాఫీ త్రాగుచు 35 వ్రాసితిని. ఆ పుస్తకమంతటిలో నా యంకెలే మిక్కిలి చక్కనివి.

5వ తేదీ ఉదయమున పచ్చని గుబురుమీది పాలిపులన్నియు ముడుచుకొనియుండెను. నత్త గాజుగోడను విడిచి అడుగున పడియుండెను. అప్పుడు కొలతగాజు తీసితిని. గీత 37½ దాటియుండెను. రెండు జాడీలను వ్రేలితో రుచిచూడగా నా నాలుక నా చేతివ్రాత గుట్టు చెప్పెను. ఇచ్చట నేను ఊరకుండి, తమ్మునికి ఫోను చేసి అడిగినచో, లేక రెండుమూడు దినములలో మెల్లమెల్లగా మంచినీటితో సరిచేసినచో, బహుశః ఆ గుబురు తట్టుకొనియుండును. ఉప్పు ఐదు దినములలో కొంచెము కొంచెముగా పెరిగినది గదా. నేను గంటలోపల ఒక జాడీ నీరు తోడివేసి, ఒక జాడీ మంచినీరు పోసి, 35నకు దింపితిని. మొదటి పొరపాటునకు ఐదు దినములు పట్టినది. దానిని దిద్దుట యను రెండవ పొరపాటునకు గంటయు పట్టలేదు. పుస్తకములో 35 అని వ్రాసితిని. అది నిజమే. విశేషముల గడిలో ఏమియు వ్రాయలేదు.

మఱునాడు గుబురు మొదటినుండి చర్మము తడిసిన కాగితము వలె ఊడి, పాయలు పాయలుగా నీటిలో తేలసాగెను. ఊడినచోట తెల్లని సున్నము. సాయంకాలమునకు అరచేయంత తెలుపు. పగడములు పెంచువారు మిక్కిలి భయపడు మరణము ఇదియే. పట్టినదా, గంటల లెక్క.

7వ తేదీ సాయంకాలము పిల్లవాడు వచ్చెను. సంచి దించకయే తొట్టి యెదుట మోకరించి చూచెను. తరువాత పుస్తకము తెఱచి, నా అంకెలపై వ్రేలు పెట్టి చదివెను. “ఉప్పు సరిగ్గానే ఉంది. వేడీ సరిగ్గానే ఉంది” అని, కొంతసేపటికి, “నేను వెళ్లేముందు కోసిన కత్తెర సరిగా కడగలేదేమో. నా వల్లే” అనెను. వాని తల్లి, “పోనీ నాన్నా, ఏదో రోగం వచ్చి ఉంటుంది” అనెను. నేను ప్రక్కనే కుర్చీలో కూర్చుండియుంటిని. నా నోట మాట రాలేదు.

ఇచ్చట మన ప్రయోగశాలలో జరిగినదొకటి చెప్పవలెను. ఆ ప్రయాణమునకు ముందటి డిసెంబరులో, లోలకపు ప్రయోగమునందు ఒక విద్యార్థి ఇరువది డోలనముల కాలమును ఒక్కమారైన కొలువక, ప్రక్కవాని పుస్తకమును చూచి అంకెలు దింపుకొనెను. అంకెలు మిక్కిలి చక్కగా నుండుటచేతనే నాకు పట్టుబడెను. ఎఱ్ఱసిరాతో పుటయంతయు కొట్టివేసి, పిల్లలందఱ యెదుట వానిని బయట నిలబెట్టితిని. “కొలువనిదానిని వ్రాయుట అబద్ధమాడుటకంటె చెడ్డది, అబద్ధము ఒకనిని మోసగించును, ఇది చదివినవారి నందఱిని మోసగించును” అని నేను చెప్పిన మాటలు ఆ తరగతివారికి జ్ఞాపకముండును. ఆ రాత్రి టాంపాలో పడుకొని నేను వానిని ఒక్కొక్కటిగా విన్నాను.

రాత్రి ఒంటిగంట దాటిన పిమ్మట మంచినీళ్లకై లేచినట్లు నాకు నేనే చెప్పుకొని క్రిందికి దిగితిని. ముందుగదిలో చిన్నదీపము వెలుగుచుండెను. పిల్లవాడు పుస్తకమును మూడేండ్ల వెనుకటి మొదటి పుట నుండి చదువుచు, తన తప్పు ఎచ్చటనున్నదో వెదకుచున్నాడు. నేను వాని ప్రక్కన నేలపై కూర్చుండి అంతయు చెప్పితిని. జాడీల సంగతి చెప్పుట సులభముగనే యుండెను, ఎవరికైన జరుగునది. అంకెల సంగతి చెప్పుటకు చాలసేపు పట్టెను.

వాడు నా వంక చూడలేదు. తొట్టి వంకనే చూచుచు, “ఏ రోజు నిజంగా కొలిచారు?” అని యడిగెను. చెప్పితిని. వాడు వ్రేళ్లపై లెక్కపెట్టెను. నేను క్షమాపణ చెప్పబోగా వాడు లేచి, “అది తరువాత, పెదనాన్నా. కొసల్లో ఇంకా ప్రాణం ఉంది. తెల్లారేలోపు కోసేయాలి” అని పనిముట్ల పెట్టె తెచ్చెను.

చావు మొదటినుండి కొసలకు ఎక్కుచున్నది. దానికంటె ముందుగా, చర్మము గట్టిగా నున్నచోట కత్తిరించి, కొసలను వేఱుచేయుటయే మిగిలిన మార్గము. వాడు కత్తెర పట్టెను. నేను జిగురు పట్టితిని. వేలాది ఏండ్లుగా సముద్రములో తుపానులు చేయు పనియే అది. అలలకు విఱిగిన కొమ్మలు ఎచ్చటనో పడి, రాతినంటి, క్రొత్త గుబురులగును. వేకువకు పదునొకండు కొసలు పీటలపై నిలిచెను. ఒక్కటియు నా వ్రేలికంటలేదు.

మఱునాడు నేను ఎఱ్ఱసిరా కలము అడిగి తీసికొని, మే 31 మొదలు జూను 4 వఱకు నా ఐదు అంకెలను కొట్టివేసితిని. మొదటిదాని ప్రక్కన “ఎక్కువ చూచి 35 వ్రాసితిని” అనియు, తక్కిన నాలుగింటి ప్రక్కన “కొలువలేదు” అనియు వ్రాసి, 5వ తేదీ విశేషముల గడిలో జరిగినదంతయు వ్రాసితిని. గడి చాలక ప్రక్క పుటకు ప్రాకినది. ఆ పుట చించివేసి వేఱుగా వ్రాసి యిత్తునంటిని గాని పిల్లవాడు ఒప్పుకొనలేదు. 10వ తేదీన నేను బయలుదేరునప్పటికి పదునొకండులో ఏడు బ్రదికియుండెను. విమానాశ్రయమునకు వాడును వచ్చెను. దారిలో మాటలు తక్కువ, ఐనను వచ్చెను.

నేను ఇల్లు చేరిన మఱుసటి నెలలో ఫ్లారిడా దక్షిణ తీరమున సముద్రము ఎన్నడును లేనంతగా కాగెను. జూలై 24న మనాటీ బే అను లోతులేని యఖాతములో 38 డిగ్రీలకు మించిన వేడిమి నమోదైనది. అంతటి వేడికి పగడములు తమలోని శైవలములను వెళ్లగొట్టి, తెల్లబడి, ఆకలితో చచ్చును. నాటి పెంచుచున్న పగడములను శాస్త్రజ్ఞులు సముద్రమునుండి తీసి, ఒడ్డున తొట్లలో దాచిరి. ఆ వార్త పిల్లవాడే నాకు ఫోనులో చెప్పెను. చెప్పుచు, తొట్టి ఉప్పుదనము అడుగకుండగనే చెప్పెను. 35, ఆ ఉదయమే కొలిచినాడు.

మన ప్రయోగశాలలోను అట్టి తొట్టి పెట్టరాదా యని తొమ్మిదవ తరగతివారు నన్నడిగిరి. పెట్టరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో 2001లో గట్టి పగడములన్నిటిని చేర్చిరి. పులికెంత రక్షణయో దానికంత రక్షణ. చచ్చిన ముక్కనైనను తెచ్చి యింట పెట్టుకొనరాదు. మన గోదావరి, కృష్ణా తీరములందు ఒండ్రుమట్టి వలన నీరు మసకగా నుండి పగడపు దిబ్బలు కట్టవు; చూడవలెనన్న మన్నారు సింధుశాఖకో, అండమాను దీవులకో, లక్షదీవులకో పోవలెను. తొమ్మిదవ తరగతివారు కొన్నాళ్లు నాపై అలిగిరి.

ఆ డిసెంబరులో పిల్లవాడు ఒక చిత్రము పంపెను. ఏడింటిలో తుదకు నిలిచినవి మూడు. రెండింటిని స్నేహితులిద్దఱికి ఇచ్చినాడు. మూడవది గుట్టమీద, వెనుకటి గుబురుండిన చోటనే నాటినాడు, బొటనవ్రేలంత యున్నది.

లోలకపు ప్రయోగమున నేను బయట నిలబెట్టిన విద్యార్థి పదవ తరగతి ముగించి మన పాఠశాల విడిచెను. ఈ సంచిక ప్రతి యొకటి వాని యింటికి పంపుమని సంపాదకులను కోరియున్నాను.